‘రెట్టింపు పని’ అనే సాకు

ఆడవాళ్లని పెట్టుకుంటే ఖర్చెక్కువ అన్న మాట మనకు కొత్త కాదు. రాత్రి షిఫ్టు దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, ప్రసూతి సెలవు దగ్గర వింటూనే ఉన్నాం. 2014లో అదే మాట ఒక వీడియో గేము విషయంలోనూ వినిపించింది. మన పిల్లలు గంటల తరబడి ఆడే ఆటలు కనక దీన్ని పట్టించుకోక తప్పదు.

‘అసాసిన్స్ క్రీడ్’ ఫ్రాన్సుకి చెందిన యూబీసాఫ్ట్ కంపెనీ 2007లో మొదలుపెట్టిన సాహస గేముల వరస. 2014 నవంబరులో వచ్చిన ‘యూనిటీ’కి ఫ్రెంచి విప్లవం నేపథ్యం. నలుగురు కలిసి ఆడవచ్చు, కానీ ఆ నలుగురూ మగ పాత్రలే. ఎందుకని అడిగితే, స్త్రీ పాత్రకి కదలికలు, గొంతు, దుస్తులు మళ్లీ తయారుచెయ్యాలి, పని రెట్టింపవుతుందని తయారీదారులు జవాబిచ్చారు. అదే వరసలో 2012లోనే అవెలీన్ అనే నాయికతో గేము వచ్చింది. అంతకుముందు ఆ కంపెనీలో పనిచేసిన యానిమేటరే ఇది ఒకటి రెండు రోజుల పని అన్నాడు.

1789 అక్టోబరులో రొట్టె కోసం పారిస్ నుంచి వెర్సాయ్‌కి నడిచి, రాజుని రాజధానికి రప్పించింది స్త్రీలు. స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలాంప్ ద గూజ్‌ని 1793లో గిలెటిన్ ఎక్కించారు. అలాంటి విప్లవం మీద తీసిన గేములో ఎలీజ్ అనే స్త్రీ ఉంది. ఆడేవాళ్ల చేతికి మాత్రం రాదు, చివరికి చనిపోతుంది.

విడుదలయ్యాక సాంకేతిక లోపాలతో గేము నవ్వులపాలైంది. కంపెనీ క్షమాపణ చెప్పి అదనపు భాగాన్ని ఉచితంగా ఇచ్చింది. అసలు లోపం 2020లో బయటపడింది. ఆ కంపెనీలో స్త్రీలు వేధింపుల గురించి నోరు విప్పారు. తర్వాతి గేముల్లోనూ స్త్రీ పాత్రలను కుదించారని పత్రికలు రాశాయి. 2025 జూలైలో ఫ్రాన్సు కోర్టు ముగ్గురు మాజీ అధికారులను వేధింపుల కేసులో దోషులుగా తేల్చింది. పనిచేసేచోట స్త్రీకి లేని విలువ తెర మీదికి ఎలా వస్తుంది?

నియమం ఉన్నచోట ఈ సాకు చెల్లదు. శంషాబాద్ విమానాశ్రయమే చూడండి. భద్రతా తనిఖీలో స్త్రీలకు తెరచాటు వేరు, తనిఖీ చేసే మహిళా సిబ్బంది వేరు. పని రెట్టింపని ఎవరూ స్త్రీలను విమానం ఎక్కకుండా ఆపరు. ఆ ఏర్పాటు ఉంటేనే విమానాశ్రయం పూర్తయినట్టు లెక్క.

హైదరాబాదులోనూ గేముల స్టూడియోలున్నాయి. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అది ఉందా, కథ నిర్ణయించేవాళ్లలో స్త్రీలెందరు అని మన సంఘాలు వెళ్లి అడగాలి. ఖర్చెక్కువన్న జవాబే వస్తే, లెక్క చూపించమందాం.