జలగలెవరు?

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ రోడ్లమీద తిరిగే పల్లెవెలుగు బస్సుకు ఆర్టీసీవారొక్కరే రంగు వేస్తారనుకోకండి. 2017లో వచ్చిన ‘బస్ సిమ్యులేటర్ ఇండొనేషియా’ అనే ఫోను ఆటలో బయటివాళ్లు తయారుచేసిన బండ్లనూ రంగులనూ చేర్చుకోవచ్చును. తెలుగు కుర్రవాళ్లు అందులో మన బస్సును నడిపిస్తున్నారు. యీ చేర్పునే మాడ్ అంటారు. ప్రక్షిప్తమంటే మన పండితులకు వెంటనే బోధపడుతుంది.

చిన్న మాడ్లు షేరిట్, జెండర్‌ల ద్వారా ఫోను నుంచి ఫోనుకు పోయేవి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ రెంటినీ నిషేధించింది. పెద్దవాటికి 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్ వున్నది. దీనికి నడుమ గిడ్డంగి అక్కరలేదు. ఫైలు ముక్కలవుతుంది; ముక్క అందుకున్నవాడే దాన్ని మరొకడికి అందిస్తాడు. పూర్తి ఫైలు దగ్గరుంచుకొని పంచేవాణ్ణి విత్తేవాడంటారు. పుచ్చుకొని యివ్వనివాణ్ణి జలగ అంటారు. వరిమడిలో దిగిన మిర్యాలగూడ రైతుకు యీ మాట వివరించనక్కరలేదు.

“యిదంతా దొంగతనమే” అని తీర్పు చెప్పే పెద్దలున్నారు. డబ్బు పెట్టి కొనవలసిన ఆటనే మొత్తంగా పంచిపెడితే అది 1957 నాటి కాపీరైటు చట్టానికి విరుద్ధమే. దాన్ని నేను వెనకేసుకురాను. కాని రాత్రులు మేలుకొని మాడ్ చేసినవాడే దాన్ని నలుగురికీ పంచమన్నప్పుడు పోయిన సొత్తు యెవరిది?

దొంగను వెతకదలిస్తే పైన వెతకండి. 2015 ఏప్రిల్‌లో వాల్వ్, బెథెస్డా కంపెనీలు ‘స్కైరిమ్’ ఆట మాడ్లను అమ్మకానికి పెట్టించాయి. చేసినవాడికి నూటికి 25. తక్కిన 75 కంపెనీలకు! సగపాలుకు భూమినిచ్చిన పెత్తందారైనా సగం వదిలేవాడు. ఆటగాళ్లు తిరగబడితే వారం తిరక్కుండా ఆ పథకాన్ని ఎత్తివేశారు.

అయితే జలగలు కంపెనీలలోనే లేవు. పరాయివాడి మాడ్ తీసుకొని, అతని పేరు చెరిపి, తన పేరు తగిలించి, పాస్‌వర్డు వేసి అమ్ముకునేవాడున్నాడు. టోరెంట్ ప్రతి ముక్కనూ గుర్తుతో సరిచూస్తుంది, నిజమే. ఆ గుర్తు ముక్క చెడకుండా కాపాడుతుంది గాని కర్త పేరును కాపాడదు. పేరు చెరిపి కొత్త ఫైలుగా వదిలితే దానికి కొత్త గుర్తే పుడుతుంది.

హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా కృతి తనదని చెప్పుకునే హక్కు కర్తకు వుంటుందని అదే చట్టంలోని 57వ సెక్షను చెబుతున్నది. పంచిన కుర్రవాణ్ణి దొంగ అన్న పెద్దలు, పేరు చెరిపినవాణ్ణి చూసీ చూడనట్టు వూరుకున్న పెద్దలు, అంతదాకా చదివినట్టు లేదు.