ఊరంతయు సైగలు నేర్చిన దీవి

చెవిటివాని ముందు శంఖ మూదినట్లను సామెతను మన యిండ్లలో సంకోచము లేకయే వాడుచుందుము. అందఱు ఆ చెవిటివానిని జూచి నవ్వుదురు గాని, వినలేడని తెలిసియు శంఖమునే యూదుచున్న రెండవవాని తెలివిని గూర్చి యడుగువారు లేరు. ఆ శంఖమును ప్రక్కన బెట్టి, చేతులతో మాటాడ నేర్చిన యొక దీవి జనుల చరిత్రమును ఈ మాసము మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి. చెవిటి బిడ్డ గల తల్లులు దీనిని తప్పక చదువవలెనని మా కోరిక.

అమెరికా దేశపు తూర్పు తీరమున, మసాచుసెట్స్ రాష్ట్రమునందు, మార్తాస్ వైన్‌యార్డ్ అను దీవి కలదు. 1694లో జొనాథన్ లాంబర్టు అను వడ్రంగి కుటుంబముతో వచ్చి యచట కాపుర ముండెను. ఆయన పుట్టుచెవిటి. ఆయన యేడుగురు బిడ్డలలో నిద్దఱు చెవిటివారైరి. ఆ దీవిని చేరిన కుటుంబములలో పెక్కింటికి ఇంగ్లండునందలి కెంటు సీమ మూలస్థానము. చుట్టును సముద్రము, రాకపోకలు తక్కువ, పిల్ల నిచ్చినను తెచ్చుకొన్నను ఆ కొలది యిండ్లలోనే. తరతరములుగా నిట్లు జరుగగా, రక్తములో దాగియున్న చెవుడు మాటిమాటికి బయటపడెను. 19వ శతాబ్దమున అమెరికా దేశమంతట సుమారు 5,700 మందికి ఒక్కరు పుట్టుచెవిటివా రుండగా, ఈ దీవిలో 155 మందికి ఒక్క రుండిరి. చిల్‌మార్క్ అను గ్రామమున 25 మందికి ఒక్కరు. ఆ గ్రామమునందే యొక మూల నలుగురికి ఒక్కరు.

ఇట్టి యూర బుట్టిన చెవిటి బిడ్డ యెట్లు పెరిగెను? నోరా ఎలెన్ గ్రోస్ అను విదుషి ఆ దీవిలోని వృద్ధుల జ్ఞాపకములను ప్రోగుచేసి 1985లో నొక గ్రంథము ప్రకటించిరి. అందువలన మనకు తెలియునదేమన, ఆ బిడ్డ కన్ను దెఱచి చూచిన ప్రతి మనుష్యుడును చేతులతో మాటాడువాడే. తల్లియు, పొరుగింటి యవ్వయు, అంగడివాడును, వినికిడి గల తోడిపిల్లలును సైగలు నేర్చినవారే. వినికిడి గల పిల్లలు నోటిమాటతో పాటు చేతిమాటను గూడ చిన్ననాడే యలవరచుకొనుచుండిరి; ఒకరు కూర్చుండబెట్టి నేర్పుట లేదు. చేపలు పట్టువారు పడవకు పడవకు నడుమ సైగలతో ముచ్చటించుకొనిరి. దూరపు టిండ్లవారు దుర్భిణి పెట్టుకొని ఒకరి చేతుల నొకరు చదువుకొనిరి. బడిలో పంతులు వెనుదిరిగిన తోడనే పిల్లల చేతు లాడెడివట! దగ్గఱ చెవిటివా రెవ్వరును లేనప్పుడు గూడ వినికిడి గలవారు తమలో తాము సైగలతో మాటాడుకొనుట కలదు.

మా పాఠకురాండ్రకు ముఖ్యముగా తెలియవలసినది పెండ్లి సంగతి. ఆ కాలమున అమెరికాలో చెవిటివారిలో సగముమందికి గూడ పెండ్లి కాలేదు. ఈ దీవిలోనన్ననో పెండ్లియీడు వచ్చిన చెవిటివారిలో నూటికి 80 మంది గృహస్థులైరి. వారిలో నెక్కువమంది వినికిడి గలవారినే పెండ్లాడిరి. వారు భూములు సాగుచేసిరి, ఊరి సభలలో పాల్గొనిరి. వెనుకటివారిని గూర్చి యడిగినప్పుడు అచటి వృద్ధులు ఫలానివాడు మంచి జాలరియని ముందుగా చెప్పెడివారట; వాడు చెవిటివాడను మాట మఱల నడిగిన గాని జ్ఞప్తికి రాదట.

టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఈ చెవుడునకు కారణము వెదకుచు 1880వ దశకమున ఆ దీవి వంశావళులను పరిశీలించెను. ఆయన తల్లికి చెవుడు, భార్యకును చెవుడు. అయినను చెవిటివారు చెవిటివారిని పెండ్లాడుట ప్రమాదమని 1883లో పండితసభయందు హెచ్చరించినవాడును, బడులలో సైగలు కూడదని వాదించినవాడును ఆయనయే. అంతకు మూడేండ్ల ముందు, 1880లో, ఇటలీలోని మిలాను నగరమున జరిగిన ఉపాధ్యాయుల మహాసభ చెవిటిపిల్లల బడులనుండి సైగల భాషను తొలగింపవలెనని తీర్మానించియుండెను. అటుపిమ్మట పెక్కు దేశములలో పిల్లలు చేతు లాడించినందుకు దండనము పొందిరి. ఇంత తెలివిగలవాడు తన యింటి స్త్రీల స్థితిని చూచియు నిట్లు పలికెనేమని మాకు విచారము.

బెల్ వెదకిన కారణ మాయనకు దొరకలేదు. అనువంశికమును గూర్చి మెండెల్ 1866లో ప్రకటించిన సూత్రములను 1900 వఱకు లోకము పట్టించుకొనలేదు. ఈ చెవుడు తల్లి వద్ద నొక పాలు, తండ్రి వద్ద నొక పాలు దాగియుండి, ఆ రెండు పాళ్లును ఒకే బిడ్డకు చేరినపుడు మాత్రమే కనబడును. తలిదండ్రు లిద్దఱికిని చక్కని వినికిడి యుండవచ్చును. అట్టి దంపతుల ప్రతి బిడ్డకును నాల్గింట నొకవంతు చెవుడు సంభవింపవచ్చును. మన దేశమున పుట్టుచెవుడునకు గల కారణములలో జీజేబీ2 అను జన్యువులోని లోపము ముఖ్యమైనదని 1997 తరువాతి పరిశోధనలు తెలిపినవి. మన మేనరికములయందు వధూవరులకు తాతయవ్వ లొక్కరే యగుట వలన దాగియున్న పాళ్లు కలియుట సులభమగును. కావున వంశమున చెవుడున్నచో మేనమామకో మేనబావకో పిల్లను నిశ్చయింపక మునుపు వైద్యుల నడుగుట మేలు. ఇక చెవిటి బిడ్డను గన్న కోడలిని పూర్వజన్మ పాపమని సాధించుట మానవలెను. దాగిన పాలు కొడుకు వద్దను ఉన్నదే గదా! గర్భిణికి సోకిన రుబెల్లా, పసికందునకు వచ్చిన తీవ్రమైన కామెర్లు మొదలగు వేఱు కారణములును గలవు.

ఇట్టి యూళ్లు సముద్రముల కావలనే గాక మన చేరువను గలవు. హిందూపురమునకు దగ్గఱగా, కర్ణాటకమునందలి గౌరీబిదనూరు తాలూకాలో అలీపురము అను గ్రామమున్నది. అచటి షియా మహమ్మదీయులు తమ గ్రామమునందే సంబంధములు చేసికొనుట వలన చెవిటివారు నూఱుమందికి పైగా నుండి, గ్రామమునకు సొంతమైన సైగల భాష యొకటి యేర్పడినది.

పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల పల్లెలలో సంగతి వేఱు. ఇచట ఊరి కొక్క బిడ్డయో యిద్దఱో చెవిటివారుందురు. ఆ బిడ్డకు తోడుగా నొక భాష యేర్పడదు. తల్లి తోచినట్లు అన్నము, నీళ్లు, నిద్ర, భయము అను నాలుగు సైగలు కల్పించుకొనును. అంతటితో ఇంటి మాట తీరిపోవును. బాపమ్మ చనిపోయినపుడు ఆమె యెటు పోయినదో, అక్క యేల యేడ్చుచు అత్తవారింటికి బోవుచున్నదో ఆ బిడ్డకు చెప్పువా రెవరు? బతుకమ్మ చుట్టు తిరుగునపుడు ఆ పిల్ల తోడివారి చేతులను జూచి చప్పట్లు తప్పక వేయును. పాటలో నేమున్నదో మాత్ర మెవ్వరును తెలుపరు. సైగలు మనవారికి చేతగాక కాదు. సిరిసిల్ల మరమగ్గముల చప్పుడులో నోటిమాట వినబడనందున, చెవులు గలవారే చేసైగలతో పని జరుపుకొందురు.

వినికిడి యంత్రములును, చెవిలో నమర్చు శస్త్రచికిత్సయు మంచివే. వానికై యాసుపత్రుల చుట్టు తిరుగుచు భాష నాపియుంచుట మాత్రము కూడదు. పసితనము గడచిన పిదప మొదటి భాష పట్టుబడుట మిక్కిలి కష్టము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైగలను భాషగా పేర్కొన్నది. 2015లో ఢిల్లీ నగరమున నెలకొల్పబడిన భారతీయ సంజ్ఞాభాషా సంస్థ 2021 నాటికి 10,000 పదముల నిఘంటువును సిద్ధపరచినది. దానిని చేతిఫోనులో వెల లేకయే చూడవచ్చును. చేతుల కదలిక కంటికి తెలియును. దినమునకు నాలుగు పదముల చొప్పున, తల్లి యొక్కతెయే గాక తండ్రి, అత్తగారు, తోబుట్టువులు గూడ నేర్వవలెను. పిలువదలచినపుడు వెనుకనుండి కేక వేయక భుజము తట్టవలెను. మాటాడువారి ముఖముపై వెలుతురు పడునట్లు కూర్చుండవలెను. అన్నము, నీళ్లు బిడ్డయే చూపించుకొనును గనుక, మొదట నేర్పదగినవి ఎందుకు, ఎప్పుడు, ఎవరు అను మూడు సైగలు.