వంతుల పట్టికలో వలస కూలీలు

సంఘ పరిచర్యకు వరుసగా రెండు ఆదివారాలు రానివారి పేరు వంతుల పట్టికలోంచి కొట్టేయాలన్న గత సంచిక లేఖను ఒప్పుకోలేను. సంక్రాంతి దాటితే కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. గుడిలో చాపలు పరిచేవారు, డోలక్ వాయించేవారు, సండే స్కూలు అక్క కూడా గుంటూరు మిరప చేలల్లో కోతకు వెళ్లి ఉంటారు. పేరు కొట్టేస్తే తిరిగొచ్చాక వెనక వరుసలో కూర్చుంటారు, పిలిచినా ముందుకు రారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఏర్పరచింది, విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందన్న ఫిర్యాదు వల్లే కదా! మన వంతుల పట్టికే మరో అన్యాయం కాకూడదు. కోత నెలల్లో వంతులు ఆగకుండా, ఊళ్లో ఉండే పెద్దవాళ్లకు కాలేజీ పిల్లలను జత చేయండి. వెళ్లినవారి పేర్లు ఉంచి, ఈస్టరు తర్వాత వంతు వేయండి, వాళ్లను అడిగి మరీ.

– ఒక సంఘ పెద్ద, ఆదోని