మంచి పల్లీలు మార్కెట్‌కు, నాసివి మన రోట్లోకా?



వీడియోలో అమ్మ సర్వపిండి చేసింది చూశారు కదా. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడ, కరివేపాకు, దంచిన పచ్చిమిర్చి కలిపి, నూనె రాసిన గిన్నె అడుగున ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిల్లో ఇంత నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్న మంట మీద కాల్చడం. వంట మీకు తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది వీడియోలో కనిపించని పని గురించి. పొయ్యి ముట్టించే ముందు అమ్మ అరగంట సేపు చాటలో పల్లీలు ఏరింది. ఆ అరగంట మీదనే ఈ రాత.

మన దగ్గర అలవాటు ఏంది? వనపర్తి అయినా, నాగర్‌కర్నూల్ అయినా, గద్వాల అయినా, యాసంగి పల్లికాయ రాగానే బాగా నిండిన కాయంతా బస్తాలకెక్కి యార్డుకు పోతుంది. కళ్లంలో మిగిలిన నొక్కు కాయ, పగిలిన కాయ, ముడుచుకుపోయిన గింజ ఇంటికొస్తుంది. "తినడానికే కదా, ఇవి చాలు" అంటాం. పొద్దున దోశలోకి పల్లి పచ్చడి, మధ్యాహ్నం పచ్చిపులుసులోకి పల్లి పొడి, జొన్నరొట్టెలోకి కారం, సాయంత్రం పిల్లలకు పల్లి ముద్దలు, అన్నీ ఆ నాసి గింజలతోనే. మా ఇంట్లోనూ ఏండ్ల తరబడి ఇదే నడిచింది. నేను వ్యవసాయ డిప్లొమా చదివినోణ్ణి, నేను కూడా అడ్డం చెప్పలేదు. పల్లి పొడి ప్యాకెట్లు చేసి అమ్మడం మొదలుపెట్టినాక గానీ నాకు సిగ్గనిపించలేదు. కొనేవాళ్ల కోసం ఒక్కో గింజ ఏరించి, పక్కన పడిన తాలును ఇంటి డబ్బాలో పోసుకున్నాం!

ఇది పొదుపు కాదు. పల్లీలకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. కాలేయానికి క్యాన్సర్ తెచ్చేవాటిల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి వర్గంలో పెట్టింది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతుక్కుంటూ పోయినవాళ్లకు దాణాలో కలిపిన పల్లి చెక్క దొరికింది. ఈ విషం సంగతి లోకానికి తెలిసింది అట్లనే. మన దేశంలో నేరుగా తినే పల్లీలకు కిలోకు 10 మైక్రోగ్రాములు మించొద్దని హద్దు. యూరప్‌లో అయితే 4 మాత్రమే.

ఇప్పుడు అసలు మాట వినండి. ఈ విషం బస్తా అంతా సమానంగా ఉండదు. ముడుచుకున్న గింజ, పురుగు కొట్టిన గింజ, రంగు మారిన గింజ, పగిలిన కాయలోని గింజ, వీటిల్లోనే ఎక్కువ పోగవుతుంది. అంటే మనం ఇంటికని పక్కకు తీసుకునేవి సరిగ్గా అవే! దీనికి రుచి లేదు, వాసన లేదు. వేయిస్తే కొంత తగ్గొచ్చేమో గానీ పూర్తిగా పోదు. ఉడకబెట్టినా అంతే.

మరి మనం ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా, జీవామృతం పోశాం, మందు కొట్టలేదు, మనకేం అవుతుంది అంటారా? బూజుకు ఆ తేడా తెలియదు. మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే మనం గానుగ నూనె వాడతాం. రిఫైనరీలో నూనెను శుద్ధి చేసేటప్పుడు ఈ విషం పోతుంది. గానుగలో ఆ శుద్ధి లేదు. నాసి గింజ గానుగకు పోస్తే నూనెలోకి కొంత వస్తుంది, ఎక్కువ భాగం చెక్కలో ఉంటుంది. ఆ చెక్క బర్రెకు పెడితే పాలలోకి వస్తుంది. ఆ పాలు మళ్లీ మన పిల్లలకే. "మందులేని తిండి" అని గొప్పగా చెప్పుకునే మనం ఈ చక్రాన్ని చూడకుండా ఉండలేం.

అట్లని పల్లీలు మానేయమని నేను చెప్పను. గింజలో సుమారు సగం నూనె, పావు వంతు మాంసకృత్తులు. పేదింటికి ఇంతకన్నా బలమైన చిరుతిండి లేదు. పైగా మన నేలకు ఒక వరం ఉంది. యాసంగి పంట ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య, వానలు లేని ఎండ రోజుల్లో పీకుతాం. కాయ త్వరగా ఆరుతుంది. వానాకాలం పంటకు ఈ సౌకర్యం లేదు. ఈ వరాన్ని మనమే చెడగొట్టుకోవద్దు. ఆఖరి తడులు ఎగ్గొడితే కాయ ఊరే టైంలో చేను బెట్టకొచ్చి బూజు నేలలోనే పడుతుంది. పీకినాక చెట్టును తిరగేసి కాయ పైకి ఉండేటట్టు పరవండి. కాయ ఊపితే గలగలమనాలి, అంతవరకు బస్తా ఎత్తొద్దు. ఇంటికి దాచుకునేది పొట్టుతోనే ఉంచండి, నేల మీద కాకుండా చెక్క బల్ల మీద పెట్టండి. గింజ పగలొద్దని మిషన్ దగ్గర కాయ మీద నీళ్లు చల్లుతారు చూడండి, మన ఇంటి కాయకు అది అసలే వద్దు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. కళ్లంలో మొదటి బస్తా ఇంటిది కావాలి, ఆఖరిది కాదు. క్వింటాల్ కాయ ఒలిస్తే సుమారు 70 కిలోల గింజ. మా ఐదుగురికి పచ్చడికి, పొడికి, పిండివంటలకు ఏడాదంతా అది చాలు. ఎకరాకు పది క్వింటాళ్లు వచ్చినా అందులో ఒక్కటి మనది. "అప్పులున్నాయి, ఆ ఒక్క క్వింటాల్ కూడా పైసలే" అనే అన్నలు ఉన్నారు. నిజమే, నాకూ అప్పు ఉంది. కానీ అదే ఇంట్లో పిల్లల చిరుతిండి ప్యాకెట్లకు, పామాయిల్ మిర్చి బజ్జీలకు నెలనెలా ఎంత పోతుందో ఒకసారి రాసిపెట్టుకోండి. నేను రాసుకున్నాక నోరు మూసుకున్నాను.

ఇంకో మాట, మగవాళ్లకు. "ఇంట్లోనే చేసుకుని తినాలి" అని మనం మైకు పట్టుకుని సులువుగా అంటాం. ఒలిచేది, ఏరేది, వేయించేది, దంచేది ఆడవాళ్లు. పొలంలో కలుపు తీసి వచ్చినాక మళ్లీ చాట పట్టాల్సింది వాళ్లే. ఇది ఇట్లనే ఉంటే ప్యాకెట్టే గెలుస్తుంది, అందులో వాళ్ల తప్పు లేదు. అందుకే మా ఇంట్లో ఇప్పుడు పల్లీలు ఏరే పని నాది, మా తమ్ముడిది. ఆదివారం రాత్రి టీవీ ముందు కూర్చుని వారానికి సరిపడా ఏరుతాం. ముడుచుకున్నది, నల్లబడ్డది, పచ్చబూజు కనిపించింది ఏదైనా సరే పొయ్యిలోకే. కోళ్లకు వేయం, బర్రెకు పెట్టం.

వీడియోలో అమ్మ చేతి సర్వపిండి చూసి నోరూరినోళ్లు రేపే చేసుకోండి. కానీ ముందు చాట మీరు పట్టండి.