మన మాంత్రికుణ్ణి మరిచిపోయామా?

విక్టోరియా రాణి నాటి ఇంగ్లీషు సాహసగాథలంటే మన మిత్రులకు మహా మోజు. మసక లండను వీధులు, రహస్య కుట్ర, దాన్ని బద్దలుకొట్టే పొంతనలేని మనుషులు. బాగానే ఉంటాయి, కాదనను. కానీ ఇంచుమించు ఆ రోజుల్లోనే మన రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు 12 సంపుటాల కాశీమజిలీ కథలకు శ్రీకారం చుట్టారని ఎందరికి తెలుసు?

కాశీకి బయల్దేరిన మణిసిద్ధుడికి తోడెవరూ దొరకలేదు. చివరికి వచ్చినవాడు ఓ పశువులకాపరి. వాడి షరతల్లా ఒక్కటే, దారిలో తానేది అడిగినా దాని కథ చెప్పాలి. వాడు అడక్కపోతే కథే లేదు!

ఆ కథల్లోంచి ఇతివృత్తం తీసుకునే 1951లో 'పాతాళభైరవి' తీశారు. నేపాళ మాంత్రికుడు సాహసవంతుడైన కుర్రవాణ్ణి ఆశపెట్టి తీసుకుపోయి బలివ్వాలని పన్నాగం పన్నాడు. వాణ్ణి మట్టుపెట్టింది రాజుగారి సేన కాదు, తోటమాలి కొడుకు రాముడూ, వాడి నేస్తం అంజీ. మాంత్రికుడికి అన్ని శక్తులూ ఉన్నాయి, స్నేహితుడే లేడు. (శిష్యుడున్నాడు గానీ, శిష్యుడు వేరు.)

ఇవి పిల్లల కథలని ఒక మాస్టారు నన్ను క్లాసులో నవ్వులపాలు చేశారు. నేనొప్పుకోను. ఎన్నికలొస్తే చాలు, కులాలవారీగా బెంచీలు మారేది పిల్లలా, మనమా?

రామచంద్రపురానికి రాజమండ్రి ఎంత దూరమని! యూనియన్ పెద్దలు ఆ సంపుటాలు లైబ్రరీకి తెప్పించాలి. పన్నెండూ దొరక్కపోతే మొదటిదైనా సరే. కార్డు మీద మొదటి సంతకం నాది.