పెరిగేది పొట్టే... భుజం కాదుగా!

అయిదో నెల వచ్చేసరికి బీరువాలోని బట్టలన్నీ పరాయివైపోతాయి. నిన్నటిదాకా వదులుగా ఉన్న చుడీదార్ పొట్ట దగ్గర పట్టేస్తుంది. లంగా బొందు కట్టిన చోట గాటు పడుతుంది. దాంతో నైటీయే గతి! అది ఇంట్లో ఉన్నంతసేపూ హాయే. కానీ రాజోలు నుంచో, కొత్తపేట నుంచో పరీక్షల కోసం అమలాపురం బస్సెక్కాలంటే? నైటీ మీద చున్నీ కప్పుకుని వెళ్లలేరు కదా. పోనీ రెండు సైజులు పెద్దది కొంటే పొట్ట పడుతుంది సరే... భుజాలు జారిపోతాయి, చంకల కింద గుడ్డ సంచిలా వేలాడుతుంది. నాలుగు నెలల ముచ్చటకి అంత డబ్బు పోసి ఈ అవతారమా అనిపిస్తుంది.

ఇంట్లో కుట్టు మిషన్ ఉండి, మామూలు టాపు కుట్టడం వస్తే చాలు, ఈ తిప్పలు తప్పుతాయి. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట పెరుగుతుంది, ఛాతీ కాస్త పెరుగుతుంది. భుజం, మెడ కొలతలు దాదాపు అలాగే ఉంటాయి. కాబట్టి పైభాగం మీ కొలతే ఉంచి, కిందిదాన్ని మార్చాలి.

మీకు సరిగ్గా సరిపోయే పాత టాపుని పాత పేపరు మీద పరిచి గీసుకోండి (ఈ అనుబంధం చదవడం అయ్యాకే సుమా!). ముందు భాగాన్ని నిలువునా సగానికి మడిచి గీస్తే తేలిక. నడుము దగ్గర లోపలికి తిరిగే వంపు వద్దు. ఛాతీ నుంచి తుంటి దాకా తిన్నగా గీయండి. ఛాతీకి సరిగ్గా దిగువన అడ్డంగా కత్తిరిస్తే రెండు ముక్కలవుతాయి. పై ముక్కకి పక్కల అరంగుళం చొప్పున పెంచండి. ముందూ వెనకా కలిపి చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది. కింది ముక్కని గుడ్డ మడతకి ఆనించకుండా మూడంగుళాలు జరిపి పెట్టి కత్తిరించండి. విప్పితే ఆరంగుళాల గుడ్డ ఎక్కువ వస్తుంది. దాన్ని మధ్యలో మాత్రమే కుచ్చులు పెట్టి పై ముక్కకి కలపాలి. పక్కల దాకా కుచ్చులు పోస్తే మనిషి ఇంకా లావుగా కనిపిస్తుంది. రెండు ముక్కలూ కలిపే చోట కుట్టుకి అరంగుళం చొప్పున వదలడం మరవద్దు.

చాలామంది పొరబడేది పొడవు దగ్గర. పొట్ట ముందుకొచ్చేకొద్దీ గుడ్డని పైకి లాగేస్తుంది. వెనక మోకాలి దాకా ఉన్న టాపు ముందు ఎగిరినట్టుంటుంది. ముందు భాగం మధ్యలో రెండంగుళాలు పొడవు పెంచి, పక్కలకి వచ్చేసరికి మామూలు కొలతలో కలిపేయండి. అలాగని మరీ పాదాల దాకా వద్దు. మెట్లు దిగేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది.

ఇక సల్వార్. ముందువైపు నడుముని రెండు మూడంగుళాలు కిందికి దించి, అక్కడ సాగే బనియను గుడ్డ పట్టీ వేయండి. బొందు బదులు అంగుళంన్నర ఎలాస్టిక్. దాని చివరలు కుట్టేయకుండా పట్టీలో చిన్న సందు వదిలి పిన్నీసు పెట్టుకుంటే నెలనెలా వదులు చేసుకోవచ్చు. లంగాకీ ఇదే పద్ధతి. న్యూయార్క్‌లో లీనా బ్రయంట్ చేసిందీ ఇంచుమించు ఇదే. లిథువేనియా నుంచి వలస వెళ్లి, భర్త పోయాక కుట్టుపనితో బతికిన ఆమె 1904 ప్రాంతంలో ఓ గర్భిణి అడిగితే, పై భాగానికి ఎలాస్టిక్ పట్టీతో కుచ్చెళ్ల స్కర్టు కలిపి గౌను కుట్టిచ్చింది. 1911 దాకా అక్కడి పత్రికలు ఆ బట్టల ప్రకటన వేయడానికే మొహమాటపడ్డాయి!

చీరలవాళ్లకి చిక్కంతా జాకెట్టుతోనే. సీమంతానికని ముందే కుట్టించింది ఆ రోజుకి హుక్కులు పడదు. పక్కల లోపల అంగుళంన్నర గుడ్డ వదిలి, మూడు వరసలు కుట్టండి. బిగువైనప్పుడల్లా ఒక వరస విప్పితే సరి.

కోనసీమ ఉక్కపోతకి నూలు గుడ్డే మేలు. బండారులంక నేత చీర పాతదైతే మరీ మంచిది. ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. ఒక్క చీరలో రెండు టాపులు తీయొచ్చు. కొత్త గుడ్డయితే ఒక రాత్రి నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టండి. లేదంటే ముందుగా వదిలిన వదులంతా మొదటి ఉతుకులోనే పోతుంది.

పుట్టబోయే బిడ్డకి ముందే బట్టలు కుట్టకూడదంటారు చాలా ఇళ్లలో. తల్లికి కుట్టడానికి మాత్రం ఏ పెద్దావిడా అడ్డు చెప్పదు. పనిలో పనిగా ఛాతీ దగ్గర రెండు పక్కలా నిలువుగా ఆరంగుళాల జిప్పులు పెట్టేస్తే, కాన్పయ్యాక పాలివ్వడానికీ అవే టాపులు పనికొస్తాయి. ఎనిమిదో నెలలో కాలి మిషన్ తొక్కడం కష్టం. ఆ పనేదో పుట్టింటికి రాకముందే ముగించండి, లేదా వచ్చాక అమ్మకి అప్పజెప్పండి. కత్తిరించిన పేపరు ముక్కల్ని పారేయకుండా, మీద కొలతలు రాసి మిషన్ సొరుగులో దాచండి. తర్వాత చెల్లెలో, వదినో అడగొచ్చు.