నాన్న ముక్కు, ముక్కు మీద కోపం

"అచ్చం మీ నాన్నే!" ఈ మాట మనం మెచ్చుకోలుగా కంటే దెప్పిపొడుపుగానే ఎక్కువ విని ఉంటాం. క్రోమోజోములు తండ్రి నుంచి 23, తల్లి నుంచి 23. కోపం ఎవరి వాటాయో మాత్రం చుట్టాలే తేలుస్తారు.

1919లో రచయిత కాఫ్కా తన ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ తండ్రికి రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఆయన చేతికి చేరనేలేదు. అమ్మానాన్నల నుంచి మనకు వచ్చిన గుణాలపై తెస్తున్న ఈ సంచికకు మాకూ అలాంటి ఫిర్యాదులే వస్తాయనుకున్నాం. వచ్చాయి. కానీ చాలావాటిలో సగం దాటాక గొంతు మారింది. నాన్న మొండితనాన్ని తిట్టుకుంటూ మొదలుపెట్టినవాళ్లు, కష్టకాలంలో తమను నిలబెట్టింది అదేనని ఒప్పుకున్నారు. ఇప్పుడు పిల్లలు మనల్నే వేలెత్తి చూపుతున్నారు కదా, ఆ ఒప్పుకోలుకు ఇదే అదను అనిపించింది.

మాలో ఒకరికి వాళ్లమ్మ చాదస్తం మొత్తం వచ్చింది. ప్రూఫులు నాలుగుసార్లు చూస్తేగానీ వదలరు. విసుక్కున్నాం. అచ్చుతప్పు ఒక్కటి దొరికినా మాకు రాయండి.